మైకన్న కాలరు

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మెలూ దీక్షలూ నడుస్తున్న ఆ రోజుల్లో మా వైపు శిబిరంలోకి వచ్చినవాళ్ళను నీకేం వచ్చు అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. గొంతున్నవాడు పాడేవాడు, లేనివాడు కోరస్‌లో కలిసిపోయేవాడు. నాలాంటిదానికి కూడా వేదిక దొరికిందంటే అది ఆ కాలం గొప్పతనమే తప్ప నాది కాదు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. పుట్టింది భూపాలపల్లిలో, ఉద్యోగం మహబూబాబాద్‌లో, ఒక ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ నా వినికిడిని చాలా మటుకు వెంట తీసుకుపోయింది. అయినా గిటారు నేర్చుకుంటున్నాను. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహంలోకి ఒక జాలి వచ్చేది చూడండి, నా మొండితనంలో సగం ఆ జాలిని చూసి పుట్టిందే. మిగతా సగానికి కారణం గిటారే. దాన్ని ఒంటికి ఆనించుకుని మీటితే ఆ అదురు పక్కటెముకల్లోకి పాకేది. నాతో అరవకుండా మాట్లాడేది అదొక్కటే.

నా ప్రాణం తీసినవి కొత్తగా కొన్న వైర్‌లెస్ చెవి మిషన్లు. పాతవి మొద్దువి, వచ్చిన చప్పుడునల్లా చెవిలో పోసేవి. ఇవి తెలివైనవి. తీగ మీద ఒక స్వరాన్ని కాస్త నిలిపితే చాలు, అది తమలోంచి వస్తున్న కూత అనుకుని నొక్కిపారేసేవి. హనుమకొండలో వాటిని అమర్చినాయన, ఇవి మాట కోసం చేసినవమ్మా, పాట కోసం కాదు అని చెప్పి, నా మొహం చూసి, పాటకని వేరే సెట్టింగు పెట్టిచ్చాడు. అందులో గిటారు బాగానే వినబడేది. పక్కింటి బోరు మోటరూ అంతే బాగా వినబడేది. వీటితోపాటు బొటనవేలంత మైకు ఒకటి ఇచ్చారు. దాన్ని ఎదుటిమనిషి కాలరుకు తగిలిస్తే, ఎంత గోలలోనైనా ఆ మనిషి మాట నేరుగా నా రెండు చెవుల్లోకి వచ్చేది. అది వస్తున్నంతసేపూ మిగతా లోకం అణిగిపోయేది.

మా ఉద్యోగుల సంఘానికి ఒక పాటగాడు ఉండేవాడు. అందరం మైకన్న అనేవాళ్ళం. మైకంటే మోజని కాదు, ఆయన గొంతుకు మైకు అక్కర్లేదని. (ఆఫీసులో ఆయన ఫోన్ ఎత్తితే నాకు కూడా వినబడేది, అంతకంటే ఏం చెప్పను.) జనగామ చౌరస్తాలోని శిబిరంలో ఒకరోజు దీక్షకు మా సంఘం వంతు వచ్చింది. మైకన్న నా బల్ల దగ్గరికి వచ్చి, డప్పు అందరికీ ఉంది, మనకు గిటారుంటే జనం ఆగి చూస్తారని చెప్పాడు. చూస్తారన్నాడు గానీ వింటారనలేదు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు. వేళ్ళు కాయలు కాసేదాకా సాధన చేశాను. జనగామలో ఉండే మా మేనత్తకు కబురు చేస్తే ఆవిడ వాడకట్టు ఆడవాళ్ళనంతా వెంటేసుకుని వస్తానంది.

రైలు దిగి శిబిరానికి వెళ్ళేసరికి ఒకవైపు నినాదాలు, ఒకవైపు బస్సుల హారన్లు, మధ్యలో డోలక్. పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో ఆ గోలలో నాకు తెలిసే దారి లేదు. అందుకని నా చిన్న మైకును మైకన్న కాలరుకు, కండువా కింద తగిలించాను. ఆయన దండ వేయించుకుంటున్నట్టు మెడ వంచాడు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి గిటారు ముందు స్టాండు మైకు ఒకటి నిలబెట్టారు. పాట మొదలైంది. నా చెవుల్లో ఆయన గొంతు, ఆయన ఊపిరి, ఆయన గుటక తప్ప ఏమీ లేవు. నేను కళ్ళు మూసుకుని వాయించాను. కళ్ళు తెరిచేసరికి చేతులన్నీ చప్పట్లు కొడుతున్నాయి, ముందు వరసలో మేనత్త కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. జనగామను గెలిచేశాననుకున్నాను.

తర్వాత వేరేవాళ్ళు పాట అందుకున్నారు. మైకన్న వేదిక దిగి వెళ్ళిపోయాడు, ఆయనతోపాటు నా మైకూ వెళ్ళిపోయింది. పాట మధ్యలో లేచి వెంటపడలేను కదా. మొదట చెప్పుల టపటప వినబడింది. తర్వాత, రెండు మిర్చి బజ్జీలు కనబడకుండా కాగితంలో చుట్టి ఇమ్మని ఎవరినో అడగడం. ఆపైన కరకరమని నమలడం, సరిగ్గా నా రెండు చెవుల మధ్య. (దీక్ష సాయంత్రం దాకా ఉంది.) అంతలో ఇంటి నుంచి ఫోన్ వచ్చినట్టుంది, పొద్దటి నుంచి చుక్క నీళ్ళు కూడా ముట్టలేదని నిండు నోటితో భార్యకు చెప్పాడు. నేను వేదిక మీద ఉద్యమ గంభీరంగా మొహం పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు సౌండ్ బాక్సు పెట్టిన మనిషి గొంతు కాబోలు, ఆ పిల్ల మైకు సంగతేంటని సన్నగా అడిగింది. మైకన్న జవాబు మాత్రం స్పష్టంగా వచ్చింది.

"దానికి వైరే ఇయ్యలె గదనే. ఉన్నయే రెండు సాకెట్లాయె, ఒకటి నాకు, ఒకటి డోలక్‌కు. పాపం, ఆ చెల్లెకేం తెలుస్తది."

గిటారు పట్టుకునే వేదిక దిగాను. డేరా వెనకాల కాగితం పొట్లంతో నిలబడి ఉన్నాడు.

"అన్నా, నా మైకుకు వైరే ఇయ్యలేదట."

ఆయన నమలడం ఆపాడు. "ఎవలు చెప్పిన్రు చెల్లె?"

"నువ్వే. గిప్పుడే. మిర్చి తినుకుంట."

కాలరు తడుముకున్నాడు. తేలు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అంటే, ఇంటామెతోని మాట్లాడింది గూడ..."

"గది గూడ."

 నేను పెదవులు చూడగలిగేలా నా వైపు తిరిగి నిలబడ్డాడు. "నీకు తెల్వది గదా, బాధేముంటది అనుకున్న చెల్లె."

"గందుకే అన్నా, నాకు కోపం. నాకు తెల్వదని ఈడ అందరికి తెలుసు."

ఆయన పొట్లం అక్కడే పెట్టేసి, వేదిక ఎక్కి, తన మైకు వైరు తనే పీకి నా మైకుకు ఇప్పించాడు. (అంత గొంతున్న మనిషికి ఆ సాకెట్ మొదట ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) మళ్ళీ అదే పాట ఎత్తుకున్నాం. ఈసారి నా గిటారు చౌరస్తా అంతా మోగింది. ఎండకు తీగలన్నీ సడలి, ఉండాల్సిన శ్రుతి కంటే బాగా కిందికి దిగి మోగింది. నా చెవుల్లో మైకన్న గొంతే ఉంది కాబట్టి నాకా సంగతి అప్పుడు తెలియదు. తెలిసిందల్లా, ఆయన పాటను కిందికి, ఇంకా కిందికి దించుతున్నాడని. నా తీగలను అందుకోవడానికి దిగి దిగి, ఆఖరి చరణంలో అంత పెద్ద గొంతూ చీలిపోయింది. జనం నవ్వారు. ఆయన ఆపలేదు, చివరిదాకా నాతోనే వచ్చాడు.

కిందికి దిగగానే మేనత్త నా గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "మొదటి పాటకు మస్తు వాయించినవ్ బిడ్డా. రెండోదానికే జర ఖరాబైంది."

ఏడవాలో నవ్వాలో తెలియక, దీక్ష సంగతి కూడా మరిచి, ఆవిడ తెచ్చిన మజ్జిగ తాగాను.

ఇప్పుడు నా మిషన్లు ఇంకా తెలివి మీరాయి, నేనూ కొంచెం మీరాను. ఎక్కడ వాయించినా వైరు ఇచ్చారా అని ముందు అడుగుతాను, ఎవరిచేతనో ఒకరిచేత తీగలు సరిచూపించుకుంటాను, అప్పుడుగానీ మొదలుపెట్టను. ఆనాటి ఇరవై మూడేళ్ళ పిల్ల ఇవేమీ అడగలేదు. కళ్ళు మూసుకుని, జనగామంతా తన వేళ్ళనే వింటోందని నమ్మి, ఒక పాటంతా వాయించేసింది. ఆమె మీద నాకిప్పటికీ కాస్త చిరాకే. అయినా ఒక్కోసారి, ఆమెలా ఒక్క పాటసేపు కూర్చోగలిగితే బాగుండుననిపిస్తుంది.