పులుసు అన్న మాట

స్త్రీల సమాజం అక్కయ్యలకు,

నా రాతలో తప్పులు చాలా ఉంటాయి. నాలుగో తరగతితో బడి మానేశాను. ఏ అక్షరానికి వత్తు పెట్టాలో ఇప్పటికీ తెలియదు. గీతలు లేని కాగితం మీద నా వరసలు కిందికి జారిపోతాయి. దయచేసి కూడబలుక్కుని చదవండి.

మా పక్కింటి పెద్దమ్మ పోయిన బుధవారం పొద్దున కన్నుమూసింది. పాలు పోసే ఆమె గోడ మీదుగా చెప్పింది. అప్పుడు నేను లాంతరు చిమ్నీకి బూడిద జల్లిస్తున్నాను. చెప్పాక కూడా చాలాసేపు జల్లిస్తూనే ఉన్నాను. ఆపితే ఏం చేయాలో తెలియలేదు.

ఆదరణ కూడికలో ఆమె గురించి ఎవరైనా నాలుగు మాటలు చెప్పండి అని పంతులమ్మ అక్కయ్య అడిగినప్పుడు నేను తల వంచుకున్నాను. నలుగురిలో నాకు నోరు రాదు. అందుకే రాసి ఇస్తున్నాను, పంతులమ్మ అక్కయ్య చదువుతుంది. చదివేటప్పుడు మా అత్తగారు ముందు చాప మీద కూర్చుని ఉంటారు. ఆమె వినవలసిన సంగతి ఒకటి ఉంది. ఆరేళ్లుగా చెప్పలేకపోయాను. మా మామగారి సమాధి రాయిని పాడు చేసింది పెద్దమ్మ కాదు. నేను.

ఇక మిగిలింది నెమ్మదిగా చెబుతాను.

పెద్దమ్మ మీ అందరికీ తెలుసు. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పెద్దమ్మే. మిషన్ బంగళాలో ఇరవై ఏళ్లు అద్దాల కిటికీలు తుడిచింది. యుద్ధం వచ్చాక దొరసానికి అద్దాలు తుడవటానికి ఓడలో వచ్చే సీసాల మందు ఆగిపోయింది, సబ్బు కూడా కరువైంది. పెద్దమ్మ ఏమీ కంగారు పడలేదట. పల్చటి గంజిలో గుడ్డతో జల్లించిన సుద్దపొడి కలిపి అద్దానికి పూసి, ఆరాక పాత చీరపేలికతో తుడిచింది. ఇందులో ఏముందని దొరసాని అడిగితే, "గంజి దొరసానీ. మీరు తాగరు గాని మీ కిటికీలు తాగుతాయి" అన్నదట. ఈ ముక్క నాకు పదిసార్లయినా చెప్పి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ నవ్వేది, నవ్వితే దగ్గు వచ్చేది.

నేను తెనాలి దగ్గర పల్లె నుంచి ఈ గురజాలకు కాపురానికి వచ్చాను. మా వైపు మట్టి నేలలు, పేడతో అలుకుతాం. ఇక్కడ గడప నాపరాయి, అరుగు నాపరాయి, సమాధి మీద పరిచేది కూడా నాపరాయే. ఇంటి పనిలో నాకు తెలియనివి చాలా ఉండేవి. మా అత్తగారు ఒకసారి చెబుతారు. రెండోసారి అడిగితే మీ అమ్మ ఏం నేర్పింది అంటారు. అది తప్పు కాదు, ఆమె పెంపకం అది. నేనే అడగటం మానేసి గోడ దగ్గర నిలబడేదాన్ని. అవతల పెద్దమ్మ ఉండేది. అడక్కుండానే చెప్పేది. ఇత్తడికి చింతపండూ బూడిదా. తలుపు చెక్కలకు గోరువెచ్చటి నీళ్లూ, ఆరాక ఒక చుక్క ఆముదం. వంటింటి అలమరకు పిడుగురాళ్ల సున్నపు తేట, చీమలు రావు. మంచాలకు వేపాకు కాచిన నీళ్లు. జిడ్డు పట్టిన అద్దానికి ముందు పిండిన నిమ్మచెక్క, తరవాత గంజి. ఎండ పడుతున్నప్పుడు అద్దం తుడవకూడదు, చారలు పడతాయి.

అద్దం తుడవటం అయిపోయిందని ఎప్పుడు తెలుస్తుంది అని ఒకసారి అడిగాను. "అద్దం కనపడకూడదు. అవతలి చెట్టు కనపడాల" అన్నది.

మా మామగారు చర్చిలో ఉపదేశిగా పని చేశారు. నేను ఆయనను చూడలేదు. మాచర్ల వైపు నుంచి బండి మీద తెప్పించిన నల్లటి రాయి ఆయన సమాధి మీద ఉండేది. దానికి మెరుగు పట్టించి, పేరు చెక్కించారు. వంగి చూస్తే మొహం కనిపించేదట. మా అత్తగారు ప్రతి ఆదివారం కూడిక అయ్యాక అక్కడికి వెళ్లి, కొంగుతో ఒకసారి తుడిచి ఇంటికి వచ్చేవారు. ఏడాదికొకసారి ఈస్టరు ముందు శనివారం పెద్దమ్మ దాన్ని కడిగేది. ఇంకెవరినీ ముట్టనిచ్చేవారు కాదు. వాళ్లిద్దరూ అంత దగ్గర. బావి దగ్గర ఒకే చేద, ఒకే తాడు. మా అత్తగారు కూర పెట్టనిదే పెద్దమ్మ అన్నం తినేది కాదు.

నేను కాపురానికి వచ్చిన మూడో నెలలో ఈస్టరు వచ్చింది. పెద్దమ్మకు మూడు రోజులుగా జ్వరం. శనివారం పొద్దున గోడ మీదికి మొహం పెట్టి నన్ను పిలిచింది. మా అత్తగారు చర్చిలో పరదాలు కట్టటానికి వెళ్లారు.

"అమ్మాయ్, ఇయ్యాల నా వల్ల కాదు. నువ్వు పొయ్యి రా. రాతి మీద పులుసు పోసి కాసేపు నాననియ్యి. పీచుతో రుద్దు. అచ్చరాల్లో వేలు పెట్టి రుద్దాల, లోపల మట్టి ఉంటది."

ఏ పులుసు అని నేను అడగలేదు. అడగవలసిన మాట అని కూడా తోచలేదు. మా వైపు కుంకుడుకాయలు కొట్టి తీసేదాన్ని రసం అంటాం. తలంటుకు రసం తియ్యి అంటాం. పులుసు అంటే చింతపులుసే, ఇంకొకటి లేదు. ఇక్కడ కుంకుడు పులుసు అంటారని నాకు ఎవరూ చెప్పలేదు. చింతపండు పెట్టి తోమితే ఇత్తడి బంగారంలా వచ్చిందని పెద్దమ్మ మెచ్చుకుని వారం కాలేదు. రాయి కూడా అలాగే వస్తుందనుకున్నాను.

రెండు గుప్పిళ్ల చింతపండు పిసికి చిక్కగా తీసుకుని వెళ్లాను. రాతి నిండా పోశాను. చిన్నచిన్న బుడగలు వస్తుంటే మురికి వదులుతోందని సంతోషపడ్డాను. పక్క సమాధి మీద కూర్చుని, నాననిచ్చి, పీచుతో రుద్దాను. అక్షరాల్లో వేలు పెట్టి రుద్దాను. వేలు చర్మం ఊడేదాకా రుద్దాను, మా అత్తగారు చూసి ఒక మాట అంటారని ఆశ. కడిగినప్పుడు తడి మీద బాగానే ఉంది. ఆరుతున్నకొద్దీ తెల్లబడింది. మచ్చలు మచ్చలుగా, బొల్లి పట్టినట్టు. మెరుగు పోయింది. అక్షరాల అంచులు మొద్దుబారాయి. ఇంకో రెండు కడవల నీళ్లు మోసుకొచ్చి కడిగాను. ఆరేసరికి మళ్లీ అదే.

పరుగెత్తి వెళ్లి పెద్దమ్మకు చెప్పాను. దుప్పటి కప్పుకుని, గోడలు పట్టుకుంటూ వచ్చింది. రాతి మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకుంది. అలాగే కూలబడింది.

"చింతపులుసా" అన్నది. అరవలేదు. "నాపరాతికి పులుపు చూపిస్తే తినేస్తదే పిల్లా. సున్నం రాయి గదా అది."

నేను ఏడుస్తుంటే నా చేతులు తీసుకుని వాసన చూసింది. ఇంటికి వెళ్లి కుంకుడుతో చేతులు కడుక్కొమ్మన్నది. "పొయ్యి వంట చూసుకో. ఎవరడిగినా నోరు తెరవమాకు. పులుసని చెప్పింది నేనేగా."

సాయంత్రం మా అత్తగారు సమాధుల తోటకు వెళ్లారు. నేను వెనక నడిచాను. పెద్దమ్మ అక్కడే కూర్చుని ఉంది, జ్వరంతో వణుకుతూ. రాయిని చూసి మా అత్తగారు వంగి కొంగుతో ఒకసారి తుడిచారు. తరవాత ఎవరు చేశారని అడిగారు. నేనే, జొరంలో కళ్లు కనపడక కుండ మారింది అన్నది పెద్దమ్మ.

"నా పెనిమిటి పేరు తినేశావు గదక్కా" అన్నారు మా అత్తగారు. అంతే. ఆ తరవాత ఆరేళ్లు ఆమెతో మాట్లాడలేదు.

నేను అక్కడ మూడు బారల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు.

తరవాత జరిగినవి మీకు తెలుసు. చేద తాడు రెండు తాళ్లయింది. ఆమె చెయ్యి ఇక నమ్మకూడదని మా అత్తగారు ఇదే సమాజంలో అన్నారు. ఆ డిసెంబరు నుంచి ఆమె తుడిచే చర్చి అద్దాలు వేరే వాళ్లకు ఇచ్చారు. వాళ్లు తుడిచిన అద్దాల మీద చారలు పెద్దమ్మ కంట పడేవి. కూడిక అయ్యేదాకా వాటినే చూస్తూ కూర్చునేది.

చెప్పేస్తానని ఆమెతో నాలుగైదుసార్లు అన్నాను. మొదటి బిడ్డ పుట్టినప్పుడు గట్టిగా అన్నాను. ఆ రోజు కసిరింది.

"చెప్పి ఏం బావుకుంటావు? నా మీదైతే ఆమెకి పండగ నాడే కోపం. నీ మీదైతే మూడు పూటలా. నువ్వు ఆ ఇంట్లో బతకాల. నేను గోడకి ఇవతలదాన్ని."

నాకు అది హాయిగానే అనిపించింది. అదీ నిజమే, రాయాలి. ఆమె వద్దన్నది కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను. ఇంటెడు పని, ఎండాకాలం నీళ్ల మోత, ఇద్దరు పిల్లలు. రోజు ఎలాగో గడిస్తే చాలు అనుకుంటూ ఆరేళ్లు గడిపాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

మా అత్తగారు చర్చికి వెళ్లినప్పుడు నేను గోడ దాటి పెద్దమ్మ పెరట్లోకి వెళ్లేదాన్ని. సుద్ద జల్లించటం, గంజి పలచన చూడటం, కుంకుడు గింజ తీసి నానబెట్టటం అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఒకసారి ఆమె ఒక పాత అద్దం ముక్క తుడిపిస్తూ నా చెయ్యి ఆగిపోవటం చూసింది. "చెయ్యి అలిసిపోయినాక ఇంకొక్కసారి తుడుస్తావే, అప్పుడే మురికి వదిలేది" అన్నది. పని చేసేటప్పుడు ఆ మాట ఇప్పటికీ నా భుజాల్లో ఉంటుంది.

తరవాతి ఈస్టర్లకు రాయి కడిగే పని నాకు వచ్చింది. కుంకుడు పులుసుతో కడిగి, ఆముదం రాస్తాను. ఒక పూట నల్లగా కనపడుతుంది. మర్నాటికి మచ్చలు లేస్తాయి. నీ చెయ్యి మంచిదే అని రెండేళ్ల కిందట మా అత్తగారు అన్నారు.

ఇక బుధవారం సంగతి. ఆడవాళ్లు ఒక్కొక్కరే పెద్దమ్మ ఇంట్లోకి వెళుతున్నారు. మా అత్తగారు అరుగు దిగి వీధిలో నిలబడ్డారు, మళ్లీ లోపలికి వచ్చారు. మళ్లీ దిగారు, మళ్లీ వచ్చారు. చివరికి రోలు దగ్గర కూలబడి, నాతోనో తనతోనో అన్నారు.

"ఆ ఒక్క పని చెయ్యకుండా ఉంటే, నేనే నీళ్లు పోసేదాన్ని. ఇంకొకళ్ల చెయ్యి పడనిచ్చేదాన్నా."

అప్పుడు చెప్పవలసింది. వాకిలి దాటితే పెద్దమ్మ ఇంకా అక్కడే ఉంది. నీళ్లు ఇంకా కాగుతున్నాయి. నేను పిల్లవాణ్ణి చంకకు ఎత్తుకుని, వంటింట్లోకి వెళ్లిపోయాను. పెద్దమ్మకు కడపటి స్నానం వేరే వాళ్లు చేయించారు. రాయి సంగతి తెలియక చేసిన తప్పు. ఇది తెలిసి చేసింది.

అత్తయ్యా, మీరు వింటున్నారు. ఆమె మీ పెనిమిటి పేరు తినలేదు. మీరు కూర పెట్టని ఆరేళ్లూ ఆమె మీ గురించి ఒక్క మాట జారలేదు. మీ మోకాలి నొప్పి తగ్గిందా అని నన్ను అడిగేది. తగ్గిందంటే ఇంకేదో పనిలో పడేది.

పంతులమ్మ అక్కయ్యా, ఇక్కడికి వచ్చాక మా అత్తగారి వైపు ఎవరూ తిరిగి చూడకుండా చూడండి. ఆమె లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి. నేను వాకిలి పక్కనే కూర్చుని ఉంటాను. ఆమె ఏమన్నా పడతాను. మూడు పూటలా అన్నా పడతాను.

ఇంకొక్కటి. ఇవాళ పొద్దున మా అత్తగారు గోడ దగ్గర నిలబడి ఉన్నారు. పెద్దమ్మ పెరట్లో తాడు మీద ఆమె తుడుపు పేలికలు ఇంకా ఆరుతూనే ఉన్నాయి, ఎవరూ తియ్యలేదు. గాలికి ఒకటి జారి అవతల కింద పడింది. మా అత్తగారు గోడ మీది నుంచి చెయ్యి చాపారు. అందలేదు. మునివేళ్ల మీద లేచి ఇంకాస్త చాపారు. నేను లోపల కిటికీ దగ్గర ఉన్నాను, ఆమె చాపిన చెయ్యి తియ్యటం నేను చూడలేదు.

చదవటం అయ్యాక ఈ కాగితాలు పొయ్యిలో పెట్టండి. నా తప్పు దాచుకోవటానికి కాదు, అది అందరూ విన్నారు. రోలు దగ్గర మా అత్తగారు తనలో తాను అన్న మాట కాగితం మీద మిగలకూడదు.