మంగళవాడలో నేను వేసిన కేక

నేను పుట్టు పిరికిదాన్ని. మీద బల్లి పడితే ఇంటిల్లిపాదినీ లేపే రకం. అలాంటిదాన్ని పోయి పోయి జపాను డోళ్ల గుంపులో చేరాను.

మా ఊరు రాయచెర్లు చుట్టూ పొలాలు సోలారు పలకల కిందికి పోయాక మా ఆడవాళ్లకు కలుపు పనీ లేదు, చెనక్కాయ వొలిచే పనీ లేదు. సోలారులో పనిచేసే ఒకాయన భార్య బెంగళూరులో ఈ వాయిద్యం నేర్చుకుని వచ్చింది. సాయంత్రాలు సముదాయ భవనంలో మాకు నేర్పేది. అసలు డోళ్లు మూడే. మిగతావాళ్లం పాత లారీ టైర్లకు టేపు బిగించి వాటిని బాదేవాళ్లం. చేతులు నాకు తొందరగానే కుదిరాయి. కుదరనిది కేక. దెబ్బకూ దెబ్బకూ నడుమ గట్టిగా కేక వెయ్యాలి, అదీ పాఠమే. నేను నోరు తెరిస్తే పిల్లికూన గొంతు వచ్చేది.

"పొట్టలోంచి రావాలక్కా," అనేది టీచరు.

"నా పొట్టలో బయం తప్ప ఏమీ లేదమ్మా," అనేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. నేను నిజమే చెప్పేదాన్ని.

మంగళవాడ బడిలో ఆడపిల్లలకు నేర్పమని పిలిచారు. ముందు ఒకసారి వాయించి చూపమన్నారు. మైదానానికి ఊరంతా వచ్చింది. పెద్ద డోలు నా వంతు. నలుగురి ముందు వాయించడం అదే మొదలు. ఆ బెదురులోనే ఎక్కడి నుంచి వచ్చిందో, గొంతు చించుకుని కేక వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయింది. రెండో కేక ఇంకా గట్టిగా వచ్చింది. అది విని నాకే భయం వేసింది.

"అమ్మ వచ్చింది!" అన్నారు జనం. డోళ్లు ఆగిపోయాయి. నెత్తిన పసుపు నీళ్లు కుమ్మరించారు, చేతిలో వేపమండ పెట్టారు. "యా అమ్మవు తల్లీ? నీకేం కావాల?" అని అడుగుతున్నారు. కాదని చెప్పబోతుండగా ఒక చిన్న వయసు ఆమె వచ్చి నా కాళ్ల మీద పడింది.

"నా కూతురికి అమ్మ పోసి వారమాయె. పొక్కులు ఆరినా ఊపిరి ఆడ్డం లేదు, ఎగపోస్తా ఉండాది. ఏం తప్పు చేసినామో చెప్పి దిగిపో తల్లీ."

అమ్మ పోసిన బిడ్డను మా వైపు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఆస్పత్రి గడప ఎక్కించరు. సూది వేస్తే అమ్మకు కోపమంటారు. నేనూ నమ్మినదాన్నే. అమ్మను కానంటే ఆ బిడ్డ వేపాకుల మీదే పోతుంది. అవునంటే అమ్మ పేరుతో అబద్ధం. నాకూ పిల్లలున్నారు, అమ్మవారు నన్ను ఊరికే వదులుతుందా?

"ఆస్పత్రికి తీసకపోండి. ఇప్పుడే," అన్నాను.

జనం గొణిగారు. "అమ్మ యాడన్నా ఆస్పత్రికి పొమ్మంటాదా?" అన్నాడు బిడ్డ తండ్రి. అప్పుడు ఆయన తల్లి ముందుకొచ్చింది. ముసలామె. కర్పూరం బిళ్ల వెలిగించి, నా కళ్లలోకి సూటిగా చూస్తూ, "అమ్మవైతే అరచేత పట్టు," అంది.

చేయి చాపాను. మంట తగలగానే ప్రాణం పోయినట్టయింది. ఏడుపు తన్నుకొస్తుంటే దాన్నే కేకగా వేశాను. "ఆస్పత్రికి!" కర్పూరం ఆరేదాకా చేయి ముడవలేదు. మా డోళ్లు తెచ్చిన ఆటోలోనే బిడ్డను పావగడ ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆటో ఎక్కుతూ ముసలామె, నాది ఏ ఊరని మా టీచరును అడిగింది.

అది మొదలు ఆటో చప్పుడైతే చాలు, వంటింట్లో దూరేదాన్ని. అన్నం సయించలేదు. బిడ్డకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, తుమకూరు పెద్దాస్పత్రికి పంపారని మాత్రం తెలిసింది. తర్వాత కబురు లేదు.

ఒక మధ్యాహ్నం ఆటో మా గుమ్మం ముందే ఆగింది. ముసలామె ఒక్కతే దిగింది. నేను గోడకు అతుక్కుపోయాను.

"బిడ్డ బతికింది," అంది. "ఇంకొంచెం ఆలస్యమైంటే దక్కేది కాదన్నాడు డాక్టరు."

నేను చాప వాల్చాను. ఆమె నా చేతి కట్టు చూస్తూ ఎదురుగా కూచుంది.

"నువ్వు అమ్మవి కాదని నాకు ఆ పొద్దే తెలుసు పాపా. కర్పూరం పెట్టకముందే నీ కండ్లలో నీళ్లుండె."

"తెలిసి తెలిసీ నా చెయ్యి కాల్చినావా అవ్వా?" ఒళ్లు మండి అరిచాను.

"నా కొడుకు చూసి నమ్మాలని కాల్చినా. ఆస్పత్రికి పోదామని నేను మొత్తుకుంటే ఎవురూ విన్లే. గట్టిగా పట్టుబట్టి తీసకపోయినాక బిడ్డ పోతే, ముసల్దే సంపిందంటారని నాకూ బయమే."

ఆమె మీద కోపం పోయిందంటే అబద్ధం. ఆమె నా కట్టు ముట్టుకోబోయి ఆగిపోయింది. ఆమె వేళ్లు నా వేళ్ల కంటే ఎక్కువ వణుకుతున్నాయి.