గొట్టం మాత్రల్లో జొన్నపిండి

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ మింగిన గొట్టం మాత్రల్లో ఉన్నది మందు కాదు, జొన్నపిండి. నింపింది నేను.

అమ్మకు రొమ్ము క్యాన్సర్. మూడు వారాలకొకసారి ప్రొద్దుటూరులో కీమో ఎక్కించేవారు. జమ్మలమడుగు పక్కనున్న మా ఊరి నుంచి ఆ దారి అవతలి పార్టీవాళ్ల ఊరి మీదుగా పోతుంది. మా నాయకుడి జీపు, అందులో నలుగురు మనుషులు లేకుండా మేం ఆ ఊరు దాటలేం. జీపుతోపాటే మాత్రల డబ్బా వచ్చింది. పులివెందులలో నాయకుడి అల్లుడు వాటి ఏజెన్సీ పెట్టాడు. యాంటీఆక్సిడెంట్లట, క్యాన్సర్‌ను తరిమేస్తాయట.

ఆ డబ్బాను ఓణీ చాటున పట్టుకెళ్లి డాక్టరమ్మకు చూపించాను.

"పండ్లు, ఆకుకూరలు బాగా తిననీ, మంచివే. ఇంత పెద్ద మోతాదు మాత్రలు మాత్రం కీమో అయ్యేదాకా వద్దు. ఇవి మంచి కణాలకు కాపలా కాస్తాయి. జబ్బు కణాలకు కూడా కాస్తే? తప్పకుండా అట్లే అవుతుందని చెప్పలేను. కానీ ఆ పందెం మీ అమ్మ మీద ఎందుకు?" అంది.

నాయనకు చెప్పాను. "వద్దంటే జీపు రాదు పాపా. ఊరుకో" అన్నాడు. అంత మీసమున్న మనిషి! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాయకుడి మనిషి ఒకడుండేవాడు. మామా అని పిలిచేవాళ్లం. రోజూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని, అమ్మ మింగేదాకా లేచేవాడు కాదు.

"మింగక్కా. పెద్దాయన శానా మనసుపెట్టి పంపించినాడు. ఓటప్పుడు మతిలో పెట్టుకో." నా చేతిలో పుస్తకం చూసి, "ఏం పాపా, అన్నీ చదివేస్తాండావు, నువ్వే సూదులేస్తావా ఏంది?" అని పకపకా నవ్వేవాడు.

డాక్టరమ్మ మాట వాడి మొహాన చెప్పాల్సింది. తల వంచుకుని అమ్మకు నీళ్ల చెంబు అందించాను. ఆ కోపమంతా డైరీలో కాగితం చిరిగేలా రాశాను. ఎవరికి లాభం? మధ్యాహ్నం నాయన చేనికి పోయి, అమ్మ పడుకున్నాక, గొట్టాలు విప్పి ఆ పచ్చటి పొడిని గిన్నెలు తోమే జాలాడిలో పారబోసి, పిండి నింపి మూసేదాన్ని.

దానివల్ల అమ్మకు మేలు జరిగిందో లేదో నాకు తెలియదు. ఏడాదిన్నరకు జబ్బు మళ్లీ వచ్చింది. ఆస్పత్రికి చివరిసారి తీసుకుపోయిందీ ఆ జీపే. ముందు సీట్లో ఆ మామే. వెనక సీట్లో పడుకోబెట్టాక అమ్మ నన్ను దగ్గరికి వంగమంది. గుసగుసగా అంది:

"జాలాడి బండ మీద ఆ పచ్చమరక యాపొద్దూ నువ్వు సరిగ్గా కడగల్యా. మీ నాయన చూడకుండా నేనే కడుగుతాంటి. ఇంగోసారి ఇట్ల దాచిపెట్టి చేయొద్దు పాపా. డబ్బా తీసి ముందు కూర్చున్న ఆయప్ప మొగాన కొట్టు."