చెయ్యెత్తి చూపించమన్న రోజు

నొప్పి మొదట జడ దగ్గర బయటపడింది. కూకట్‌పల్లి పాత ఊళ్ళో మేమున్న కిరాయి పోర్షన్లో, అద్దం ముందు నిలబడి జడ పాయలు తీస్తుంటే కుడి భుజం లోపల పిన్నీసు గుచ్చుకున్నట్టయింది. చెయ్యి దించి మళ్ళీ ఎత్తాను. ఛాతీ దాకా మామూలుగానే వచ్చింది, అక్కడి నుంచి మళ్ళీ గుచ్చింది. బస్సుకు వేళవుతోందన్న కోపంలో దువ్వెనను మంచం మీదికి విసిరికొట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

ఇంటావిడ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. చేట పక్కన పెట్టి లేచి వచ్చి నా జుట్టు చేతిలోకి తీసుకుంది.

“కూసో బిడ్డా, నేనేస్త. చెయ్యి పట్టినట్టుంది. ఆ ఆఫీసుల ఏం మోపిస్తున్నరు నీతోని?”

“మోయడానికేముందండీ, టైపు కొట్టడమే.”

“టైపు కొడితె చెయ్యి పడ్తదా? గిదెక్కడి ముచ్చట!” అని నవ్వి జడ బిగించింది.

నాకూ అదే అర్థం కాలేదు. తొంభైల చివర, మాదాపూర్ గుట్టల మధ్య గుండ్రటి కొత్త బిల్డింగు లేచి, చుట్టూ రాళ్ళు పేలుస్తున్న రోజులు. ఆ రోడ్డులోనే ఒక మూడంతస్తుల ఇంట్లో మా ఆఫీసు. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక, చూసిందంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. ఆ గొంతులు రాత్రికి రాత్రి మా కంప్యూటర్లలోకి దిగేవి. పొద్దున్నే మేం చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద పెడల్ నొక్కి ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, విన్నది టైపు చేసేవాళ్ళం. పెళ్ళికి ముందెప్పుడో గుంటూరులో పాసైన టైపు హయ్యర్ సర్టిఫికెట్టు ఇన్నేళ్ళకు పనికొచ్చింది. ట్రైనింగు ముగిసింది, ప్రొబేషన్ నడుస్తోంది. నెల తిరిగేసరికి ఉంచుకునేదెవరినో, పంపించేదెవరినో చెప్పేస్తారు.

నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎంత కావాలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎవరూ వద్దనలేదు, అదే పెద్ద బాధ. వద్దంటే పోట్లాడేదాన్ని. మావాళ్ళు నవ్వి, “వెళ్ళు వెళ్ళు, కొన్నాళ్ళు సరదా” అన్నారు. మా ఆయన కూడా అదే మాట, కాకపోతే కాస్త ప్రేమగా అన్నాడు. ఆ ‘సరదా’ అన్న మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

అందుకని నొప్పి సంగతి ఆఫీసులో దాచాను. ఎడమచేత్తో హెడ్‌ఫోన్లు తీసుకోవడం, ఎడమచేత్తో అరలోంచి డిక్షనరీ దించుకోవడం మొదలుపెట్టాను. బల్ల మాత్రం నా మాట వినలేదు. అది మామూలు డైనింగ్ టేబులంత ఎత్తు. కీబోర్డు దాని మీద. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి భుజాలు రెండూ చెవుల దగ్గరికి చేరేవి.

వారం తిరక్కుండానే నా దశ తిరిగిందనుకున్నాను. ఒక ఫైల్లో డాక్టరు ఒక వడ్రంగి భుజం గురించి చెబుతున్నాడు. చెయ్యి పక్కకు ఎత్తితే మధ్యలో నొప్పి, పైకి పోతే తగ్గడం, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం. అచ్చం నా కథే! చివర్లో, బరువులు పట్టుకుని చేతుల్ని పక్కలకు ఎత్తే వ్యాయామం చేయించమన్నాడు. అమెరికా డాక్టరంతటివాడు నా చెవిలో చెప్పాడు, ఇంకెవరి దగ్గరికి పోవాలి? ఇంటికెళ్ళి కిలో కందిపప్పు ప్యాకెట్టు పట్టుకుని మొదలుపెట్టాను. నొప్పి పుడితే పళ్ళు బిగించాను. బలం రావాలంటే నొప్పి ఓర్చుకోవాలి కదా అనుకున్నాను.

మూడోనాటి పొద్దున బ్రష్షు నోటిదాకా రాలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో ఆ బాత్‌రూంలో తెలిసింది. నిజంగా భయమేసింది. చెయ్యి పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే అందరూ అన్నట్టే అది సరదాగా మిగిలిపోతుంది. కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను.

మూసాపేట మెయిన్ రోడ్డు మీద ఒక ఎముకల డాక్టరు చూసి, విరగలేదు, తెగలేదు, కండరాన్ని ఎముకకు కట్టే తాడు వాచింది అని చెప్పి, పక్క గదిలో ఉన్న ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పంపారు. నాకంటే చిన్నది. తెల్లకోటు చేతులు మోచేతుల దాకా మడిచింది. నేను చెప్పిందంతా వింటూ వింటూ కందిపప్పు దగ్గరికొచ్చేసరికి ఒంటికాలి మీద లేచింది.

“ఏంది మేడం గిది! ఆ పేషెంటు ఏ స్టేజ్‌లో ఉన్నడో తెలుసా మీకు? చివరి విజిట్ అయ్యుంటది. నెలలకు నెలలు చేయించినంక బరువులిస్తరు. మీరు సీదా ఆఖరి పేజీకి పోయిన్రు.”

ఆఫీసులో మాకు మొదటిరోజే నేర్పిన పాఠం ఒకటుంది: వినపడని మాటను ఊహించి రాయొద్దు, ఖాళీ వదిలేయండి. మందు పేరులో ఒక్క అక్షరం అనుమానంగా ఉన్నా ఖాళీయే. ఎవరో ముక్కూ మొహం తెలియని అమెరికావాడి విషయంలో అంత జాగ్రత్తగా ఉన్నదాన్ని, నా ఒంటి విషయంలో వినపడని సగమంతా ఊహించేశాను.

ఆ అమ్మాయి నా భుజం మీద వేలు పెట్టి చూపించింది. పైన ఎముక ఒక కప్పులా ఉంటుందట, దాని కింది సందులోంచి ఆ తాడు వెళ్తుందట. “చెయ్యి లేపినప్పుడు తాడు కప్పు కింద నలుగుతది. అందుకే మధ్యల నొప్పి. మీరేమో భయపడి భుజాన్ని చెవి దాంక లేపుతున్నరు. అప్పుడు సందు ఇంకా తక్కువైతది, ఇంకా నలుగుతది. చెయ్యి లేపండి, భుజం లేపకండి.”

“రెండూ ఒకటి కాదా అండీ?”

“కానే కాదు. అదే మీకు నేర్పాలె.”

నేర్చుకోవడం మొదలైంది. నడుం వంచి, ఎడమచెయ్యి బల్ల మీద ఆనించి, కుడిచేతిని బావిలో చేదలా వేలాడదీసి మెల్లగా ఊపాలి. పాత సైకిల్ ట్యూబు చీల్చిన ముక్కను కిటికీ ఊచకు కట్టి, మోచేతికీ పక్కటెముకలకూ మధ్య తువ్వాలు చుట్ట పెట్టుకుని, ఆ చుట్ట జారకుండా ట్యూబును బయటికి లాగాలి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పాకుతూ పైకి పోవాలి, గుచ్చిన చోట ఆగాలి. అది నాకు అన్నిటికంటే కష్టం. ఆగమంటే నాకు ఒళ్ళుమంట. రోజూ నిన్నటి చోటు దాటాలని దొంగతనంగా ఒక జానెడు ఎక్కువ పాకేదాన్ని, ఆ రాత్రి అనుభవించేదాన్ని. ఆ అమ్మాయి నా మొహం చూసే కనిపెట్టేది.

“మళ్ళ జబర్దస్తీ చేసిన్రా? దానికి మీ ఆఫీసు డేట్లు తెల్వయ్ మేడం. అది మానినప్పుడే మానుతది.”

ఆ డేటే నన్ను తినేస్తోంది. ఆఫీసులో ఒకరి వెనక ఒకరిని మేనేజరు గదికి పిలుస్తున్నారు. బయటికొచ్చిన వాళ్ళ మొహాలు చూసి ఎవరు ఉన్నారో ఎవరు పోయారో మేం చెవులు కొరుక్కునేవాళ్ళం. నా వంతు ఇంకా రాలేదు. బల్ల ఎత్తు తగ్గించమని అడుగుదామనుకున్నాను, కానీ ఎందుకంటే ఏం చెప్పాలి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. అదే ఆ అమ్మాయితో అంటే, “బల్ల తగ్గకపోతె మీరు పెరగండి” అంది.

పెరిగాను. కుర్చీలో ఇంట్లోంచి తెచ్చిన దిండు వేసుకున్నాను. భుజాలు దిగాయి. కానీ కాలు పెడల్‌కు అందలేదు. బయట కట్టుబడి దగ్గర పడి ఉన్న ఒక ఇటుక తెచ్చి, పేపరు చుట్టి, పెడల్ దాని మీద పెట్టాను. రాణీగారి సింహాసనంలా ఉందని పక్క సీటు అమ్మాయిలు నవ్వారు. నవ్వితే నవ్వారు, ఆ వారం నొప్పి సగానికి దిగింది. ఇంట్లో, ఎవరూ చూడనప్పుడు, చెయ్యి ఒక్కోసారి చూరు దాకా పోయేది.

మేనేజరు మా వరసలోంచి నడుస్తూ ఇటుక దగ్గర ఆగారు. కిందికి చూశారు, దిండు చూశారు, నన్ను చూశారు.

“ఇదేమిటండీ?”

“ఎత్తు సరిపోలేదండీ.”

“ఒకసారి లోపలికి రండి.”

గదిలో ఏసీ చల్లగా ఉంది, అయినా నాకు చెమట పట్టింది. ఆయన కోపంగా లేరు, అదే మరీ భయం. అబద్ధం చెబుదామని వెళ్ళినదాన్ని, ఆయన “చేతికేమైనా ఇబ్బందా?” అని మెల్లగా అడిగేసరికి అంతా చెప్పేశాను. తాడు వాపు, సైకిల్ ట్యూబు, ఇప్పుడు తగ్గుతోందన్న సంగతి. తగ్గుతోందన్న మాట రెండుసార్లు చెప్పాను.

“ఏదీ, ఒకసారి చెయ్యి పైకెత్తండి.”

ఎత్తాను. ఛాతీ దాకా వచ్చింది. ఆ తర్వాత ఆయన కళ్ళు నా చేతి మీదే ఉన్నాయని తెలిసి ఒళ్ళంతా బిగుసుకుపోయింది. భుజం నా ప్రమేయం లేకుండా చెవి దగ్గరికి ఎక్కింది. దించు, దించు అని లోపల అనుకుంటూనే ఉన్నాను, అది వినలేదు. పిన్నీసు కాదు, సూది గుచ్చి తిప్పినట్టయింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చాలమ్మా, దించండి,” అన్నారాయన. “మీ పని బాగుంది. తప్పులు తక్కువ. కానీ రేపు మీరు సెలవు పెడితే నేను క్లయింటుకు ఏం చెప్పను? ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్ళీ అప్లై చేయండి, తప్పకుండా చూస్తాం.”

“ఇంట్లో లేస్తుందండీ,” అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. ఆయన లేచి నాకోసం తలుపు తీసి పట్టుకున్నారు. ఆ మర్యాద నాకు చెంపదెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

దిండు ఎడమ చంకలో పెట్టుకుని రోడ్డు మీదికొచ్చాను. ఇటుక అక్కడే వదిలేశాను. ఎండ, కంకర లారీల దుమ్ము. ఇంట్లో ఏం చెప్పాలా అని ఒక్కో మాటా వెతుక్కుంటున్నాను. ఎవరూ ఏమీ అనరు. “పోన్లే” అంటారు. ఆ ‘పోన్లే’ని తలుచుకుంటే ఒళ్ళు మండిపోయింది. మేనేజరు మీద, బల్ల మీద, ఆ వడ్రంగి మీద, అందరికంటే ఎక్కువగా నా భుజం మీద. అంతలో కూకట్‌పల్లి బస్సు మలుపు తిరిగి, ఆగే ఉద్దేశం లేనట్టు దూసుకొస్తోంది. అది పోతే ఇంకో గంట నిలబడాలి. “ఆపండీ!” అని అరిచి చెయ్యెత్తాను.

బస్సు ఆగింది. తలుపు నా ముందే ఉంది. నా చెయ్యి ఇంకా పైన ఉంది. కుడిచెయ్యి. చెవి పక్క నుంచి నిటారుగా, వేళ్ళు ఆకాశంలోకి. ఎక్కడా గుచ్చలేదు, భుజం చెవి దగ్గరికి ఎక్కనే లేదు.

“ఇప్పుడు లేచావటే, నీ మొహం మండ!” అన్నాను పైకే.

కండక్టరు తననే అన్నాననుకున్నాడు. “ఎవర్ని తిడ్తున్నవమ్మా? ఎక్కుతవా ఎక్కవా? జల్ది చెయ్యి!”

“ఎక్కను. పోనీండి,” అన్నాను.

బస్సు వెళ్ళేదాకా కూడా ఆగలేదు. వెనక్కి తిరిగి నడిచాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఏదో అడిగాడు, వినలేదు. మెట్ల మీద భుజాన్ని కిందికి వదిలాను, మెడ వదిలాను. మా వరసలో అమ్మాయిలు టైపు ఆపి చూస్తున్నారు. తలుపు తట్టకుండానే లోపలికి వెళ్ళాను. మేనేజరు ఫైలు మీది నుంచి తలెత్తేసరికి నా చెయ్యి నిటారుగా పైన ఉంది.

ఆయన చెయ్యి చూశారు, దిండు చూశారు. “సరే సరే, చూశాను. ఇక దించండి,” అన్నారు.

ఉద్యోగం ఉందని నోరు తెరిచి చెప్పేదాకా దించలేదు.