పక్కింటి ఆరింతో

నా చిన్నప్పుడు మా అమ్మ వేవిళ్ళతో మంచినీళ్ళు కూడా కడుపులో నిలవక పుల్లలా అయిపోయింది. ధ్యాసంతా పచ్చి మామిడికాయ మీదే. మేముండే కాలిఫోర్నియా పల్లెలో అప్పట్లో మామిడికాయ బొమ్మ కూడా దొరికేది కాదు. అమ్మ ముట్టని కంచం చూసి నాన్న కూడా సరిగ్గా తినడం మానేశారు.

పక్కింటి పోర్చుగీసు తాత కంచె మీదుగా, "మీ అమ్మ ఏం తింటోంది?" అని నన్నడిగాడు. ఈయనకెందుకీ ఆరా అనుకుంటూనే, ఏమీ తినడం లేదనీ పులుపు కావాలంటోందనీ చెప్పేశాను. నా నోరు అప్పటికే అంత.

మర్నాడు మా గుమ్మంలో బకెట్ నిండా పచ్చి ద్రాక్షగుత్తులు. వాళ్ళ దేశం నుంచి కొమ్మలు తెప్పించి, వైన్ కోసం పెంచుకున్న తెల్లద్రాక్ష అది. పేరు ఆరింతో. మిగిలినవి బాగా పండాలని కొన్ని గుత్తుల్ని పచ్చిగానే కోసి కింద పడేస్తాడు. ఆ సంగతి చూసి ఇంటికి మోసుకొచ్చింది కూడా నేనే.

"పారేసేవి మనకిస్తాడా? పురుగుమందు కొట్టాడేమో" అన్నారు నాన్న.

"పైగా వైన్ కాయలు. కడుపులో బిడ్డకేమైనా అయితే?" అంది అమ్మ. కళ్ళు మాత్రం బకెట్ మీదే ఉన్నాయి. కాసేపటికి ఒక గుత్తి కడిగి, "నువ్వొకటి తినరా" అని నా చేతిలో పెట్టింది.

తిన్నాను. ఎడమకన్ను దానంతటదే మూసుకుంది. ఎంత ఎండ కాసినా పులుపు వదలని జాతి, పచ్చిగా ఉంటే ఇక చెప్పాలా. అమ్మ నన్ను గంటసేపు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసింది. నేను చావలేదు. అప్పుడు ఉప్పూ కారం అద్దుకుని గుత్తి మొత్తం తినేసింది. సాయంత్రం పెరుగన్నం తింది, అదీ కడుపులో నిలిచింది.

ఖాళీ గిన్నె తిరిగివ్వడం మా ఇంట లేదు. కోలుకున్నాక అమ్మ ఆ బకెట్లో జంతికలు పెట్టి నాతో పంపింది. తాత నవ్వుతూ తీసుకున్నాడు. నేను పోయినట్టే పోయి కంచె సందులోంచి చూశాను. ఆయన ఒకటి వాసన చూసి, తిప్పి చూసి, కుక్కకి వేశాడు. అది తిన్నాక దాని మొహంలోకి చాలాసేపు చూసి, అప్పుడు తను కొరికాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇంత అనుమానమా అని అమ్మకి చెప్పబోయి ఆగిపోయాను. మా ఇంట్లో కుక్క లేదు, నేనున్నాను. తేడా అంతే.

చెల్లెలు క్షేమంగా పుట్టింది. నా అనుమానం ఈ వయసులోనూ తగ్గలేదు, ఆ మాటకొస్తే పెరిగింది. కానీ నన్నెవరైనా ఎగాదిగా చూస్తే మాత్రం కోపం తెచ్చుకోను. ఇంట్లో ఎవరికోసం భయపడుతున్నారో అనుకుని, వాళ్ళు చూడటం అయ్యేదాకా అలాగే నిలబడతాను.