షామా గూటిలో నీలం దారం

ఇవాళ జంగ్లీఘాట్ చేపల రేవులో వలలు బాగుచేసేవాళ్లు నైలాన్ ముక్కలు కాలుస్తున్నారు. ఇక్కడ పెరిగినవాళ్లారా, ఆ కంపు గుర్తుందా మీకు?

చిన్నప్పుడు మా ఇంటి వెనక అడవిలో, చెట్టు తొర్రలో షామా పిట్ట గూడు కట్టేది. ఆడది ఒక్కతే ఎండుటాకులు మోస్తుంటే మగది కొమ్మ మీద కూర్చుని పాడేది.

"సూడు, కష్టం దానిది, పాట ఈడిది," అంటూ, నాన్న వల కుట్టగా మిగిలిన నీలం నైలాన్ దారాలు అమ్మ కంచె మీద పరిచింది. పిట్ట అన్నీ గూటికి పట్టుకెళ్లింది.

పిల్లలు గూడు వదిలిన రోజు, ఒకటి కాలికి దారం చుట్టుకుని తొర్రకు వేలాడుతూ చచ్చిపోయింది. తల్లి నోట పురుగుతో దాని చుట్టూ తిరుగుతూనే ఉంది.

ఆనాటి నుంచి అమ్మ ప్రతి దారం ముక్కనీ పొయ్యిలో వేసేది.

"మన సేతిలో పడితే దారం కూడా వలైపోద్ది," అనేది.