కాగితం వెనక సముద్రం

తొంభైల నడుమ నేను బహ్రెయిన్‌లో నేమ్‌ప్లేట్లు చెక్కే షాపులో పనిచేశాను. నువైద్రాత్‌లో, లేబర్ క్యాంపులో, కరీంనగర్ వైపు మేస్త్రీలతో ఒకే గదిలో ఉండేవాణ్ణి. ఆ ఏడు క్యాంపు మూసేస్తామన్నారు. వచ్చే శుక్రవారం మేస్త్రీలంతా తలో సైటుకు పోవాలి.

మా అందరికీ ఇష్టమైన చోటు మేడ. డ్యూటీ దిగి కూర్చుంటే కుడివైపు సముద్రం, ఎడమవైపు ఖర్జూరపు తోట, మధ్యలో ఆరేసిన లుంగీలు. వెలుతురు పలచబడేకొద్దీ ఏది నీరో ఏది ఆకాశమో తెలిసేది కాదు.

"ఈ జాగ యాదికుండాలె తమ్మీ, అందరికీ ఒక్కతీరుగ," అన్నాడు మాలో పెద్దవాడైన మేస్త్రీ.

ఫోటో తీయించుకోవచ్చు. కానీ నా దగ్గర ఒక పాత పుస్తకం ఉంది. ఐదువందల ఏళ్ల కిందట యూరప్‌లో రాగిరేకు మీద బొమ్మ చెక్కి అచ్చు తీసినవాళ్ల గురించి. అంతకుముందు చర్చి గోడమీది బొమ్మ చూడాలంటే ఆ ఊరికే పోవాలి. రేకు వచ్చాక బొమ్మే బయల్దేరింది, సంచుల్లో, పడవల్లో, ఎవరెవరి ఇళ్లకో. మేడమీంచి కనిపించేదాన్ని నేనూ అలాగే చెక్కి, తలా ఒక అచ్చు ఇద్దామనుకున్నాను.

కావలసినవి: రాగిరేకు, సన్న ఉలి, నల్ల ఇంకు, మల్లు గుడ్డ, తడిపిన కాగితం, రేకులు సాపుచేసే రోలరు. అన్నీ షాపులోనే ఉన్నాయి. యజమాని "యల్లా" అన్నాడు, కానివ్వమని. వంపు కావాలంటే ఉలిని కాదు, రేకును తిప్పాలి. గీత లోతైతే ఇంకు నిండి నలుపు, పైపైన పోతే పొగమంచు. అలలు చెక్కుతూ ఎక్కడున్నానో మరిచిపోయేవాణ్ణి.

శుక్రవారం పొద్దున తడి ఆరని అచ్చులు మేడమీదికి తెచ్చాను. పెద్ద మేస్త్రీ కాగితం చూశాడు, తలెత్తి సముద్రం చూశాడు.

"ఏంది ఇంజినీరూ, సముద్రాన్ని గటు దిక్కు జరిపినవ్? కఫీల్‌ను అడిగినవా?"

అక్కడ ఎటు మారాలన్నా వీసా ఇచ్చిన కఫీల్ ఒప్పుకోవాలి; అందరూ నవ్వారు. నాకు అప్పుడు తట్టింది. నేమ్‌ప్లేటు మీద ఉన్నది ఉన్నట్టే చెక్కుతాం, అచ్చుకైతే కుడిఎడమలు తిరగేసి చెక్కాలి. పుస్తకంలో ఆ ముక్క ఉంది, నా చేతిది మాత్రం షాపు అలవాటు. ఇంకో రేకు చెక్కే వ్యవధి లేదు. కింద వ్యాను ఆగి ఉంది.

మేస్త్రీ కాగితాన్ని వెనక్కి తిప్పి ఎండకు ఎత్తాడు. తడికి అది పలచగా వెలిగింది. సముద్రం కుడివైపుకు వచ్చింది.

"గిట్ల సూడాలె."

అందరూ తలో కాగితం ఎత్తారు. కాగితంలో ఒక సముద్రం, దాని అంచు దాటితే అసలుది.

"ఆరినంక కనవడదు గదనే?" అన్నాడు ఒకడు.

"మల్ల తడుపుకో."

వ్యాను హారన్ కొట్టింది. తీగమీది లుంగీలు లాగి, వాటి మడతల్లో అచ్చులు పెట్టుకుని వాళ్లు మెట్లు దిగారు.